పెరోవ్‌స్కైట్ సౌరఘటాలు దీర్ఘకాలం కాంతిలో ఎంతవరకు నిలుస్తాయి: పరీక్షించి, మెరుగుపరిచే విధానంపై సమగ్ర మార్గదర్శి

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో కాంతిని విద్యుత్తుగా మార్చే సౌరఘటం గురించిన తొలి ఫలితాన్ని 2009లో జపాన్‌లోని మియాసాకా బృందం ప్రచురించినప్పుడు దాని దక్షత (పడిన కాంతిలో విద్యుత్తుగా మారే వాటా) 3.8 శాతం మాత్రమే. అందులో వాడిన ద్రవ ఎలక్ట్రోలైటు పెరోవ్‌స్కైట్‌నే కరిగించివేయడంతో ఆ ఘటం నిమిషాల వ్యవధిలో క్షీణించేది. 2012లో ద్రవం స్థానంలో ఘన పొర వచ్చాక దక్షత పది శాతం దరిదాపులకు చేరింది. నేడు ప్రయోగశాలలో తయారైన చిన్న ఘటాలు 26 శాతాన్ని, సిలికాన్‌పై పేర్చిన జంట ఘటాలు 34 శాతాన్ని దాటాయి. కాంతిని విద్యుత్తుగా మార్చగలవా అన్న సందేహం తీరిపోయింది. అదే కాంతిలో ఏళ్ల తరబడి నిలవగలవా అన్న ప్రశ్న మాత్రం ఇంకా తేలవలసే ఉంది. సిలికాన్ ఫలకాలకు తయారీదారులు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తున్నారు కాబట్టి పోలిక ఎప్పుడూ ఆ గడువుతోనే జరుగుతుంది.

ఈ రంగంలో "మా ఘటం వెయ్యి గంటలు నిలిచింది" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఏ దీపం కింద, ఎంత వేడిలో, ఏ వాయువులో, ఏ వోల్టేజి దగ్గర నిలిపి చూశారో, చీకటిలో ఉంచితే పోయినదానిలో ఎంత తిరిగి వచ్చిందో చెప్పనంతవరకు ఆ మాటను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోలేము. కాంతి స్థిరత్వ పరీక్ష చేసేవారు ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెట్టడం కంటే, ఏ పరిస్థితిలో ఏ పొర చెడిందో, ఆ నష్టంలో తాత్కాలికమైనది ఎంతో, శాశ్వతమైనది ఎంతో విడదీయడానికే ఎక్కువ శ్రమ పెట్టాలి. ఘటాలు తయారుచేయగలిగి, వాటి మన్నికను నమ్మదగిన రీతిలో కొలవాలనుకునే విద్యార్థులను, పరిశోధకులను ఉద్దేశించి ఈ విధానాన్ని దశలవారీగా వివరిస్తున్నాను.

ముందుగా తెలియవలసినది: కాంతి ఘటంలో ఏం చేస్తుంది

పరీక్షను ఎలా అమర్చాలో తెలియాలంటే క్షీణత ఎలా జరుగుతుందో ముందు తెలియాలి. హేలైడ్ పెరోవ్‌స్కైట్‌లో సీసం, హేలైడ్ (అయోడైడ్, బ్రోమైడ్ వంటి) అయాన్లు కలిసి ఒక చట్రాన్ని కడతాయి. ఆ చట్రపు సందుల్లో మిథైల్ అమ్మోనియం, ఫార్మమిడినియం, సీజియం వంటి ధన అయాన్లు కూర్చుంటాయి. సిలికాన్ స్ఫటికంలో పరమాణువులు స్థానం కదలవు గాని ఇక్కడ అయాన్లు కదులుతాయి. మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్‌లో ఒక అయోడైడ్ అయాన్ పక్కనున్న ఖాళీ స్థానంలోకి జరగడానికి కావలసిన ఉత్తేజన శక్తి సుమారు 0.6 ఎలక్ట్రాన్ వోల్టు అని సిద్ధాంత గణనలు చెబుతున్నాయి. గది ఉష్ణోగ్రతలోనే అయాన్లు సంచరించడానికి ఆ మాత్రం అవరోధం పెద్ద అడ్డు కాదు. కాంతి పడినప్పుడు లోపలి విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఆవేశ వాహకాల (ఎలక్ట్రాన్ల, వాటి ఖాళీలైన హోల్‌ల) సాంద్రత పెరుగుతుంది, దానితో అయాన్లు కొత్త స్థానాలకు తరలి పొరల సరిహద్దుల వద్ద పోగుపడతాయి. వాహకాలను బయటికి లాగవలసిన క్షేత్రం అలా బలహీనపడుతుంది. రసాయనికంగా ఏదీ విడిపోకుండానే ఘటం దక్షత కోల్పోయే మార్గం ఇది.

అయోడైడ్, బ్రోమైడ్ కలిసిన పెరోవ్‌స్కైట్‌లలో మరో సమస్య ఉంది. 2015లో హోక్, ఆయన సహచరులు మిశ్రమ హేలైడ్ పొరపై కాంతిని ప్రసరింపజేసినప్పుడు అయోడైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు, బ్రోమైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు విడివిడిగా ఏర్పడడాన్ని గమనించారు. ఆ పొర వెలువరించే కాంతిలో 1.68 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కొత్త శిఖరం తలెత్తింది, చీకటిలో ఉంచితే మళ్లీ మాయమైంది. వాహకాలన్నీ పట్టీ అంతరం (ఎలక్ట్రాన్‌ను కదిలే స్థితికి లేపడానికి కావలసిన కనీస శక్తి) తక్కువగా ఉన్న అయోడైడ్ ప్రాంతాల్లోకి జారుకుంటాయి కాబట్టి, మొత్తం పొరలో ఆ ప్రాంతాల వాటా కొద్ది శాతమే అయినా ఘటం వోల్టేజిని అవే శాసిస్తాయి. సిలికాన్‌పై పేర్చే విశాల అంతరపు ఘటాల్లో బ్రోమైడ్ తప్పనిసరి కావడంతో జంట ఘటాలు తయారుచేసేవారిని ఈ విభజన ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

పైన చెప్పిన రెండింటిలో నష్టం చాలావరకు చీకటిలో కోలుకుంటుంది. కోలుకోని నష్టాలు వేరే ఉన్నాయి. ఆక్సిజన్ సమక్షంలో కాంతి పడితే పెరోవ్‌స్కైట్‌లో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌ను సూపర్‌ఆక్సైడ్‌గా మారుస్తుంది. అది మిథైల్ అమ్మోనియం నుంచి ప్రోటాన్‌ను లాక్కోవడంతో అమైన్ వాయువుగా వెళ్లిపోయి లెడ్ అయోడైడ్ మిగులుతుంది. ఆ లెడ్ అయోడైడ్ కూడా కాంతికి నిలవదు, లోహ సీసంగానూ అయోడిన్‌గానూ విడిపోతుంది. అలా వెలువడిన అయోడిన్ ఆవిరి పక్కనున్న మంచి పెరోవ్‌స్కైట్‌పై దాడి చేయడంతో క్షీణత తనను తానే పెంచుకుంటూ పోతుంది. టైటానియం డయాక్సైడ్‌ను ఎలక్ట్రాన్ రవాణా పొరగా వాడిన చోట అతినీలలోహిత కిరణాలు ఆ ఆక్సైడు ఉపరితలం నుంచి ఆక్సిజన్‌ను తొలగించి వాహకాలను పట్టి ఉంచే లోతైన ట్రాప్ స్థితులను మిగులుస్తాయి. వెండి ఎలక్ట్రోడు అయోడైడ్‌తో చర్య జరిపి సిల్వర్ అయోడైడ్‌గా మారుతుంది. బంగారం చర్యలో అంతగా పాల్గొనదు గాని 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో స్పైరో అనే హోల్ రవాణా పొర గుండా పెరోవ్‌స్కైట్‌లోకి చొరబడుతుంది.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పనిచేయదు. వేడి అయాన్ల కదలికను పెంచుతుంది, కాంతి కొత్త ఖాళీలను సృష్టిస్తుంది, ఆ ఖాళీలే ఆక్సిజన్ పొరలోకి చేరడానికి దారి ఇస్తాయి. అందుకే చీకటిలో 85 డిగ్రీల వేడిని తట్టుకున్న ఘటం, 25 డిగ్రీల వద్ద కాంతిని తట్టుకున్న ఘటం, రెండూ కలిసినప్పుడు కూడా నిలుస్తాయని ఊహించకూడదు.

మొదటి దశ: ప్రశ్నను నిర్ణయించుకొని దానికి తగిన నియమావళిని ఎంచుకోవడం

ఆర్గానిక్ సౌరఘటాల స్థిరత్వంపై జరిగిన అంతర్జాతీయ సదస్సుల నుంచి 2011లో ఐసాస్ అనే పరీక్షా నియమావళి రూపొందింది. 2020లో పరిశోధకులు ఏకాభిప్రాయంతో దాన్ని పెరోవ్‌స్కైట్‌లకు అనువుగా విస్తరించారు. అందులో 'డి' తరగతి చీకటి పరీక్షలకు, 'ఎల్' తరగతి నిరంతర కాంతికి, 'ఓ' తరగతి ఆరుబయటి పరీక్షలకు, 'ఎల్‌సీ' తరగతి వెలుగు, చీకటి మారిమారి వచ్చే పరీక్షలకు ఉద్దేశించినవి. ఎల్-1లో పరిసర ఉష్ణోగ్రత సరిపోతుంది. ఎల్-2లో 65 లేదా 85 డిగ్రీలు ఉండాలి. ఎల్-3లో ఆ వేడితోపాటు సుమారు 50 శాతం సాపేక్ష తేమ, గరిష్ఠ శక్తి బిందువు (ఘటం అత్యధిక శక్తినిచ్చే వోల్టేజి) వద్ద నిర్వహణ తప్పనిసరి. జడ వాయువులో చేసినట్లయితే పేరు చివర 'ఐ' అక్షరాన్ని చేర్చాలి.

మీ ప్రశ్న పెరోవ్‌స్కైట్ పొర సహజ స్థిరత్వం గురించి అయితే నైట్రోజన్‌లో, ఎన్‌క్యాప్సులేషన్ (గాలి, తేమ చేరకుండా మూసే రక్షణ కవచం) లేకుండా, ఎల్-1ఐతో మొదలుపెట్టి ఎల్-2ఐకి వెళ్లండి. ఎన్‌క్యాప్సులేషన్ ఎంత బాగా పనిచేస్తున్నదన్నది ప్రశ్న అయితే గాలిలో ఎల్-3 చేయాలి. రెండు ప్రశ్నలనూ ఒకే పరీక్షతో తేల్చబోతే ఘటం చెడినప్పుడు కారణం పొరదో, అంచుల సీలుదో చెప్పలేని స్థితి వస్తుంది. వాణిజ్య ఫలకాలకు వర్తించే ఐఈసీ 61215 ప్రమాణంలోని 85 డిగ్రీలు, 85 శాతం తేమ, 1000 గంటల పరీక్ష చీకటిలో జరుగుతుందన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. అది నెగ్గడం గొప్ప విషయమే అయినా కాంతి స్థిరత్వానికి రుజువు కాదు.

రెండవ దశ: నమూనాలు, ప్రారంభ కొలతలు

ఒకే గాజు పలకపై ఉన్న ఆరు ఘటాలను ఆరు స్వతంత్ర నమూనాలుగా లెక్కించడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. ఆ ఆరింటికీ ఒకే ద్రావణం, ఒకే పూత, ఒకే ఎలక్ట్రోడు నిక్షేపణ ఉంటాయి కాబట్టి లోపం ఉంటే అన్నింటిలోనూ ఉంటుంది. కనీసం రెండు మూడు వేర్వేరు తయారీల నుంచి వేర్వేరు పలకలు తీసుకోండి. అత్యుత్తమ ఘటాన్ని ఏరి పెట్టకుండా, మధ్యస్థ విలువకు దగ్గరగా ఉన్నవాటిని ఎంచుకోండి. వీటికి తోడు అదే తయారీకి చెందిన కొన్ని ఘటాలను అదే ఉష్ణోగ్రతలో, అదే వాయువులో చీకటిలో ఉంచండి. అవి లేకుండా కాంతి వల్ల కలిగిన నష్టాన్ని వేడి వల్ల కలిగిన నష్టం నుంచి వేరు చేయడం సాధ్యం కాదు.

ప్రారంభంలో ప్రతి ఘటానికీ రెండు దిశల్లోనూ కరెంటు-వోల్టేజి వక్రరేఖను గీసి ఆ రెండు రేఖల మధ్య తేడాను, అంటే హిస్టెరిసిస్‌ను నమోదు చేయాలి. వైశాల్యాన్ని నిర్వచించే మాస్కును తప్పనిసరిగా వాడాలి. ఆ తర్వాత గరిష్ఠ శక్తి బిందువు వద్ద కొన్ని నిమిషాలపాటు నిలకడగా వచ్చే శక్తిని కొలిచి, దాన్నే ప్రారంభ దక్షతగా తీసుకోవడం మంచిది. స్కాన్‌లో కనిపించిన పెద్ద అంకెను ప్రారంభ విలువగా తీసుకుంటే మొదటి గంటలోనే లేని క్షీణత కనిపిస్తుంది. క్వాంటం దక్షత (ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద ఫోటాన్లలో ఎన్ని కరెంటుగా మారతాయో), ఫోటోల్యూమినిసెన్స్ (కాంతి పడితే పొర తిరిగి వెలువరించే కాంతి) వర్ణపటం, తోడు పొరపై (ఘటంతోపాటే తయారుచేసిన, ఎలక్ట్రోడు లేని పొర) ఎక్స్-కిరణ వివర్తనం, ఘటం రెండు వైపుల ఛాయాచిత్రాలు కూడా ఈ దశలోనే తీసి ఉంచండి. తర్వాత పోల్చుకోవడానికి మళ్లీ తీసే అవకాశం ఉండదు.

సీసపు లవణాలు, డైమిథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావణులు విషపూరితమైనవి. పగిలిన, పరీక్ష ముగిసిన ఘటాలను విడి డబ్బాలో మూతపెట్టి సీసపు వ్యర్థంగానే అప్పగించాలి.

మూడవ దశ: కాంతి మూలం

ప్రామాణిక సూర్యకాంతి అంటే ఏఎం 1.5జి వర్ణపటం, చదరపు మీటరుకు 1000 వాట్లు. జీనాన్ దీపం ఈ వర్ణపటానికి దగ్గరగా ఉండి అతినీలలోహిత భాగాన్ని కూడా ఇస్తుంది. దాని తీవ్రత కాలక్రమంలో తగ్గుతుంది, నిర్వహణ ఖర్చు కూడా ఎక్కువే. తెల్ల ఎల్ఈడీలు నెలల తరబడి నిలకడగా వెలుగుతాయి, చౌకగా వస్తాయి. అందుకే ఎక్కువ ప్రయోగశాలలు వాటినే వాడుతున్నాయి. అయితే వాటి కాంతిలో అతినీలలోహితం దాదాపు ఉండదు, పరారుణం కూడా ఉండదు. టైటానియం డయాక్సైడ్ ఉన్న ఘటం తెల్ల ఎల్ఈడీ కింద నెలల తరబడి నిలిచి, ఎండలో వారాల్లో పడిపోతే ఆశ్చర్యపడనవసరం లేదు, ఎందుకంటే దాన్ని దెబ్బతీసే కిరణాలు మొదటి పరీక్షలో లేనేలేవు.

ఎల్ఈడీ వాడేటప్పుడు "ఒక సూర్యుడు" అన్న తీవ్రతను వాట్లలో లెక్కించకూడదు. ఏఎం 1.5జి కింద ఘటం ఇచ్చే షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొసలను నేరుగా కలిపినప్పుడు వచ్చేది) ఎంతో, ఎల్ఈడీ కింద కూడా అంతే వచ్చేలా తీవ్రతను సర్దాలి. ఎల్ఈడీతో ప్రధాన పరీక్ష చేసి, దానికి సమాంతరంగా కొన్ని ఘటాలపై 365 నానోమీటర్ల ఎల్ఈడీని కలపడమో, జీనాన్ దీపం కింద ఒక జతను 400 నానోమీటర్ల కంటే చిన్న తరంగాలను ఆపే ఫిల్టరుతోనూ మరో జతను ఫిల్టరు లేకుండానూ ఉంచడమో చేయాలని నా సలహా. ఆ రెండు జతల మధ్య తేడాయే అతినీలలోహిత నష్టాన్ని నేరుగా చూపుతుంది. దీపం పక్కనే ఒక సిలికాన్ ఫోటోడయోడును శాశ్వతంగా అమర్చి దాని కరెంటును ప్రతి కొలతతోపాటు నమోదు చేయండి. దీపం మసకబారడాన్ని ఘటం క్షీణతగా పొరబడకుండా కాపాడేది అదొక్కటే.

నాలుగవ దశ: ఉష్ణోగ్రత, వాయువు

గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అని రాసినంత మాత్రాన ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు కాదు. పూర్తి తీవ్రతలో చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ఘటం అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. సెన్సరును ఘటం గాజుకు వెనుక నుంచి అతికించి, ఆ అంకెనే నియంత్రికకు అందించాలి. ఉష్ణోగ్రతను అదుపు చేయని పరీక్షలో పగటికీ రాత్రికీ, రుతువుకూ రుతువుకూ మారే గది వేడి అంతా మీ వక్రరేఖలోకి చేరుతుంది.

వాయువు విషయంలో ఒక సూక్ష్మం ఉంది. నైట్రోజన్ నిరంతరం ప్రవహించే గదిలో ఘటాన్ని ఉంచితే, విడుదలైన అయోడిన్, అమైన్ ఆవిర్లు ప్రవాహంతో కొట్టుకుపోయి విఘటనం ముందుకే సాగుతుంది. మూసి ఉన్న చిన్న పాత్రలో అదే ఆవిర్లు లోపలే నిలిచి వెనుక చర్యకు అవకాశమిస్తాయి. శూన్యంలో పరిస్థితి మరింత కఠినంగా ఉంటుంది. కాబట్టి "నైట్రోజన్‌లో పరీక్షించాము" అనడం చాలదు, ప్రవాహం ఉందో లేదో, ఆక్సిజన్, తేమ ఎన్ని పీపీఎం ఉన్నాయో కూడా రాయాలి.

ఐదవ దశ: ఘటాన్ని ఏ విద్యుత్ స్థితిలో ఉంచాలి

నా దృష్టిలో మొత్తం పరీక్షలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఓపెన్ సర్క్యూట్‌లో, అంటే బయటి వలయానికి కలపకుండా ఉంచితే కాంతి పుట్టించిన వాహకాలన్నీ బయటికి పోయే దారి లేక లోపలే మిగిలి, అక్కడే పునఃసంయోగం చెందుతాయి, అంటే ఎలక్ట్రాన్లు, హోల్‌లు తిరిగి కలిసిపోతాయి. హేలైడ్ విభజనకు, లోపాల వృద్ధికి అది అనుకూల వాతావరణం కావడంతో సాధారణంగా ఈ స్థితిలోనే ఘటం వేగంగా క్షీణిస్తుంది. షార్ట్ సర్క్యూట్‌లో వాహకాలు వెంటనే బయటికి పోతాయి. గరిష్ఠ శక్తి బిందువు ఆ రెండింటికీ మధ్యస్థంగా, నిజమైన వినియోగానికి దగ్గరగా ఉంటుంది. ఒకే రకం ఘటాలను మూడు స్థితుల్లోనూ ఉంచి చూడగలిగితే, ఆ మూడు వక్రరేఖల అంతరం వాహకాల సాంద్రత పాత్రను స్పష్టంగా చెబుతుంది.

గరిష్ఠ శక్తి బిందువును అనుసరించే యంత్రం సాధారణంగా వోల్టేజిని కొద్దిగా కదిపి, శక్తి పెరిగిందా తగ్గిందా అని చూసి తర్వాతి అడుగు వేస్తుంది. సిలికాన్‌కు ఈ అడుగులు ఎంత వేగంగా వేసినా పరవాలేదు. పెరోవ్‌స్కైట్‌లో వోల్టేజి మారాక అయాన్లు సర్దుకొని కరెంటు నిలకడకు రావడానికి సెకన్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అడుగుకూ అడుగుకూ మధ్య తగిన వ్యవధి ఇవ్వకపోతే యంత్రం తాత్కాలిక కరెంటును చూసి తప్పు దిశలో కదులుతూ పోతుంది. పది మిల్లీవోల్టుల అడుగుతో మొదలుపెట్టి, కరెంటు ఎంతసేపటికి స్థిరపడుతున్నదో కొలిచి, దాన్నిబట్టి వ్యవధిని నిర్ణయించండి. స్థిర నిరోధకాన్నో స్థిర వోల్టేజినో వాడితే ఖర్చు తగ్గుతుంది గాని, ఘటం వయసుతోపాటు గరిష్ఠ శక్తి వోల్టేజి జరిగిపోతుంది కాబట్టి అసలు కంటే ఎక్కువ నష్టం కనిపించవచ్చు.

ఆరవ దశ: కొలతల క్రమం, చీకటి విరామం

నిలకడ శక్తిని నిమిషానికొకసారి, పూర్తి వక్రరేఖను రోజుకొకసారి కొలవడం చాలావరకు సరిపోతుంది. స్కాన్ చేసిన ప్రతిసారీ అయాన్ల స్థితి చెదురుతుంది కాబట్టి గంటగంటకూ స్కాన్ చేయడం మంచిది కాదు. మొదటి పది గంటల్లో మాత్రం దగ్గర దగ్గరగా కొలవండి. కొన్ని ఘటాల్లో లోపాలు నిండడం వల్ల దక్షత మొదట్లో పెరుగుతుంది, మరికొన్నింట్లో వేగంగా పడిపోయి తర్వాత నెమ్మదిస్తుంది. ఈ తొలి ప్రవర్తన నమోదు కాకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

నిరంతర కాంతి పరీక్ష ఎంత బాగా చేసినా అందులో రాత్రి లేదు. ఆరుబయట ఘటం పగలు కొంత కోల్పోయి రాత్రి కొంత కోలుకుంటుంది. కొన్ని రకాల ఘటాల్లో దీనికి విరుద్ధంగా, రాత్రి గడిచాక ఉదయం దక్షత తక్కువగా ఉండి, ఎండ పడ్డాకే మెల్లగా పెరుగుతుంది. ఈ రెండో రకం ఘటం నిరంతర కాంతిలో చక్కగా కనిపించి, నిజ వినియోగంలో ప్రతి ఉదయం శక్తిని పోగొట్టుకుంటుంది. అందువల్ల ప్రధాన పరీక్షకు సమాంతరంగా కొన్ని ఘటాలకు 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి చక్రాన్ని తప్పక నడపండి. నిరంతర కాంతిలో ఉన్నవాటిని కూడా పరీక్ష ముగిశాక 24 గంటలు చీకటిలో, అదే వాయువులో ఉంచి మళ్లీ కొలవండి. ఉదాహరణకు 20 శాతం పడిపోయిన ఘటం చీకటి తర్వాత 12 శాతం తిరిగి పొందితే, శాశ్వత నష్టం 8 శాతమే. ఆ 12 శాతానికి చికిత్స ఒకటి, 8 శాతానికి చికిత్స మరొకటి.

ఏడవ దశ: వక్రరేఖను చదవడం

దక్షత ప్రారంభ విలువలో 80 శాతానికి పడిపోవడానికి పట్టే కాలాన్ని టి80 అంటారు. తొలి వేగవంతమైన పతనాన్ని వదిలేసి, ఆ తర్వాతి నిలకడ దశ నుంచి లెక్కించినదాన్ని టిఎస్80 అంటారు. ఒక ఘటం మొదటి 50 గంటల్లో 25 శాతం కోల్పోయి, తర్వాత దాదాపు నిలకడగా ఉన్నదనుకోండి. దాని టి80 50 గంటల కంటే తక్కువ, టిఎస్80 వేల గంటలు. రెండు అంకెలూ నిజమే, కానీ ఒక్కదాన్నే చెబితే చదివేవారు మోసపోతారు. పరీక్ష ముగిసేనాటికి ఘటం 80 శాతానికి చేరకపోతే రేఖను పొడిగించి టి80 ఊహించడం కన్నా టి95 లేదా టి90ని నేరుగా కొలిచి చెప్పడం నిజాయితీగా ఉంటుంది.

శక్తి మోతాదు లెక్క కూడా వేసుకోవాలి. పూర్తి తీవ్రతలో 1000 గంటలు అంటే సుమారు 42 రోజులు, చదరపు మీటరుకు 1000 కిలోవాట్-గంటలు. ఏడాదికి 2000 కిలోవాట్-గంటలు అందే ఎండ ప్రాంతంలో అది ఆరు నెలల కాంతికి సమానం. వెయ్యి గంటలన్న మాట ఎంత పెద్దగా వినిపించినా ఆ పరీక్ష ఒక్క ఏడాదిని కూడా చూడలేదు.

ఎనిమిదవ దశ: ఏ పొర చెడిందో కనిపెట్టడం

దక్షత అనేది వోల్టేజి, కరెంటు, ఫిల్ ఫ్యాక్టర్ (వక్రరేఖ ఎంత చతురస్రంగా ఉందో చెప్పే నిష్పత్తి) మూడింటి ఫలితం. కాబట్టి మూడింటిలో ఏది ముందుగా పడిందన్నది మొదటి ఆధారం. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి పడుతుంటే పునఃసంయోగం పెరిగినట్టు. ఫోటోల్యూమినిసెన్స్ తీవ్రతను పూర్తి ఘటంపైనా, ఎలక్ట్రోడు లేని తోడు పొరపైనా కొలిస్తే అది పొర లోపల పెరిగిందో సరిహద్దు వద్ద పెరిగిందో తెలుస్తుంది. ఫోటోల్యూమినిసెన్స్ శిఖరం ఎరుపు వైపు జరిగితే హేలైడ్ విభజనను అనుమానించాలి. ఫిల్ ఫ్యాక్టర్ పడుతూ వక్రరేఖ 'ఎస్' ఆకారంలోకి వంగితే రవాణా పొర వద్దనో ఎలక్ట్రోడు వద్దనో అవరోధం ఏర్పడిందన్నమాట.

కరెంటు పడినప్పుడు తొందరపడి పెరోవ్‌స్కైట్ విఘటనం చెందిందని తీర్మానించకండి. పొర నల్లగానే ఉండి, కాంతి శోషణ మారకుండానే కరెంటు తగ్గుతుంటే కారణం చాలావరకు అయాన్లే. దీన్ని తేల్చడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. వోల్టేజిని సెకనుకు వందల వోల్టుల వేగంతో స్కాన్ చేస్తే అయాన్లకు కదిలే వ్యవధి ఉండదు, దానితో అవి లేనట్లే ఘటం ప్రవర్తిస్తుంది. ఆ వేగపు స్కాన్‌లో దక్షత తాజా ఘటంతో సమానంగా ఉండి, నిలకడ కొలతలో మాత్రం తగ్గితే, నష్టం అయాన్లు క్షేత్రాన్ని కప్పివేయడం వల్ల వచ్చింది. రెండింటిలోనూ తగ్గితే పదార్థమే చెడింది. ఎక్స్-కిరణ వివర్తనంలో రాగి గొట్టంతో చూసినప్పుడు పెరోవ్‌స్కైట్ శిఖరం 14 డిగ్రీల దగ్గర, లెడ్ అయోడైడ్ శిఖరం 12.7 దగ్గర, ఫార్మమిడినియం లెడ్ అయోడైడ్ పసుపు రూపం శిఖరం 11.8 దగ్గర కనిపిస్తాయి. పరీక్ష తర్వాత ఏది పెరిగిందో చూస్తే విఘటనమా, రూపాంతరమా అన్నది తేలుతుంది. ఎలక్ట్రోలూమినిసెన్స్ (కరెంటు పంపితే ఘటం వెలువరించే కాంతి) చిత్రంలో చీకటి అంచుల నుంచి లోపలికి పాకితే సీలు లీకవుతున్నట్టు, మచ్చలుగా కనిపిస్తే పూతలో లోపాలున్నట్టు.

తొమ్మిదవ దశ: దిద్దుబాటు

రోగ నిర్ధారణ జరగకుండా మార్పులు చేయడం మొదలుపెడితే ఏ మార్పు పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. ఒకసారి ఒక్క పొరను మాత్రమే మార్చండి.

విఘటనం కనిపిస్తే ముందుగా మిథైల్ అమ్మోనియంను తగ్గించాలి. ఫార్మమిడినియం, సీజియం మిశ్రమం వేడికీ కాంతికీ ఎక్కువ నిలుస్తుంది. ఫార్మమిడినియం ఒక్కటే ఉంటే గది ఉష్ణోగ్రతలో పసుపు రూపంలోకి మారే ప్రమాదం ఉంది కాబట్టి సీజియం అవసరం. దక్షత కోసం కావాలని కలిపే అదనపు లెడ్ అయోడైడ్ కాంతి స్థిరత్వానికి హానికరం కావడంతో, తొలి దక్షతలో కొంత వదులుకునైనా దాన్ని తగ్గించడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. హేలైడ్ విభజన కనిపిస్తే బ్రోమైడ్‌ను తగ్గించి, కావలసిన అంతరాన్ని సీజియం వాటా పెంచి సాధించే ప్రయత్నం చేయాలి.

అయాన్ల నష్టం కనిపిస్తే ఖాళీలను తగ్గించడం, స్ఫటిక సరిహద్దులను, ఉపరితలాన్ని నిష్క్రియం చేయడం మార్గాలు. 2019లో స్నైత్ తదితరుల బృందం పెరోవ్‌స్కైట్‌లో ఒక అయానిక్ ద్రవాన్ని కలిపి, ఎన్‌క్యాప్సులేషన్ చేసిన ఘటాలను 70 నుంచి 75 డిగ్రీల వద్ద పూర్తి వర్ణపటపు కాంతిలో 1800 గంటలకు పైగా ఉంచినప్పుడు వాటిలో అత్యంత స్థిరమైన ఘటం దక్షత సుమారు 5 శాతమే తగ్గింది. ఉపరితలంపై పెద్ద అమ్మోనియం అయాన్లతో వేసే ద్విమితీయ పొర కూడా మేలు చేస్తుంది, అయితే వేడిలో ఆ అయాన్లే లోపలికి చొరబడగలవు కాబట్టి దాన్ని 85 డిగ్రీల వద్ద విడిగా పరీక్షించాలి.

అతినీలలోహిత నష్టం తేలితే టైటానియం డయాక్సైడ్ స్థానంలో టిన్ ఆక్సైడ్ వాడడం, గాజుపై ఫిల్టరు పూత వేయడం రెండూ పనిచేస్తాయి. లిథియం లవణం కలిపిన స్పైరో పొర తేమను పీల్చుకుంటుంది, వేడికి నిలవదు. దీర్ఘకాల స్థిరత్వం లక్ష్యమైతే స్వయంగా అమరే ఫాస్ఫోనిక్ ఆమ్లపు ఏకాణు పొరలతో విలోమ నిర్మాణానికి (రవాణా పొరల క్రమం తిరగవేసినది) మారడం ఇప్పటికి మెరుగైన దారి. ఎలక్ట్రోడు వైపు, పరమాణు పొర నిక్షేపణతో వేసిన టిన్ ఆక్సైడ్ అయోడైడ్‌ను లోహం వరకు చేరనివ్వదు, లోహాన్ని లోపలికి రానివ్వదు. కార్బన్ ఎలక్ట్రోడుకు తుప్పు సమస్యే లేదు. ఎన్‌క్యాప్సులేషన్‌కు రెండు గాజు పలకల మధ్య పాలీఓలెఫిన్ పొర, అంచుల వెంట బ్యూటైల్ రబ్బరు సీలు మంచి కలయిక. సిలికాన్ ఫలకాల్లో వాడే ఈవీఏ అనే ప్లాస్టిక్ పొరకు 140 డిగ్రీలకు పైగా వేడి కావాలి, అదీగాక అది కాలక్రమంలో ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది.

పదవ దశ: త్వరణం, ఫలితాల ప్రకటన

ఇరవై ఏళ్లు వేచి చూడలేము కాబట్టి వేడిని పెంచి కాలాన్ని కుదించడం తప్పదు. ఉష్ణోగ్రతతో చర్యల వేగం ఎలా మారుతుందో చెప్పే ఆరీనియస్ సమీకరణం ప్రకారం ఉత్తేజన శక్తి 0.6 ఎలక్ట్రాన్ వోల్టు అయితే 45 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు వెళ్లినప్పుడు క్షీణత సుమారు పదకొండున్నర రెట్లు వేగవంతమవుతుంది. అదే 0.4 అయితే ఐదు రెట్లే. 85 డిగ్రీల వద్ద కొలిచిన 1000 గంటలు మొదటి లెక్కలో 11,500 గంటలు, రెండో లెక్కలో 5,100 గంటలు. కనుక ఉత్తేజన శక్తిని పుస్తకం నుంచి తెచ్చుకోకుండా, మీ ఘటాలనే కనీసం మూడు ఉష్ణోగ్రతల వద్ద కాంతిలో ఉంచి రాబట్టాలి. మూడు బిందువులూ ఒకే సరళరేఖపై పడకపోతే ఉష్ణోగ్రతతోపాటు క్షీణత మార్గమే మారుతున్నదని అర్థం, అప్పుడు పొడిగింపు చెల్లదు. కాంతి తీవ్రతను అనేక సూర్యులకు పెంచడంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే తక్కువ తీవ్రతలో లేని హేలైడ్ విభజన ఎక్కువ తీవ్రతలో మొదలుకావచ్చు.

ఫలితాలను ప్రకటించేటప్పుడు సాధారణీకరించిన రేఖతోపాటు అసలు దక్షత అంకెలను కూడా ఇవ్వండి. 12 శాతం ఘటం, 24 శాతం ఘటం రెండూ ఒకటితో మొదలైనట్టు చూపే చిత్రం పోలికకు పనికిరాదు. పరీక్ష మధ్యలో చెడిపోయిన ఘటాలను తొలగించకుండా అన్నింటి రేఖలనూ, మధ్యస్థ విలువనూ చూపాలి. దీపం రకం, వర్ణపటం, తీవ్రతను సర్దిన విధానం, ఘటంపై కొలిచిన ఉష్ణోగ్రత, వాయువు, విద్యుత్ స్థితి, బిందువును అనుసరించే యంత్రపు అడుగు, వ్యవధి, చీకటి తర్వాతి విలువ, ఐసాస్ తరగతి పేరు తప్పక ఉండాలి. లోపలి పరీక్ష నడుస్తుండగానే, అదే తయారీకి చెందిన నాలుగైదు సీలు చేసిన ఘటాలను ఆరుబయట గరిష్ఠ శక్తి బిందువు వద్ద నిలిపి, సౌర తీవ్రతనూ ఘటం ఉష్ణోగ్రతనూ నమోదు చేస్తూ ఉండండి. లోపలి పరీక్ష ఆధారంగా వేసిన అంచనాకు, మొదటి ఏడాది ఆరుబయటి రేఖకు పొంతన కుదరకపోతే పైదశల్లో వదిలేసిన ఒత్తిడి ఏదో ఉన్నట్టే. దాన్ని అతినీలలోహితంతోనూ, రాత్రి చక్రంతోనూ మొదలుపెట్టి వెతకండి.